పొడి ఇసుక ఎవరిది?

న్యూజెర్సీ రాష్ట్రంలో అట్లాంటిక్ ఒడ్డున బే హెడ్ అని ఒక చిన్న ఊరుంది. సముద్రం వెంట దాని పొడవు 6,667 అడుగులు, ఇంచుమించు రెండు కిలోమీటర్లు. 1980ల మొదట్లో అక్కడ ఒడ్డును ఆనుకుని 76 స్థలాలు ఉండేవి. ఆరు తప్ప అన్నీ సొంతదారులవే. ఆ ఆరు మాత్రం ఊరివాళ్లు పెట్టుకున్న బే హెడ్ ఇంప్రూవ్‌మెంట్ అసోసియేషన్ అనే సంఘానివి. ఊళ్లో సముద్రం వైపు వచ్చి ఇసుక దగ్గర ఆగిపోయే వీధులు తొమ్మిది. వాటిలో ఏడు వీధుల చివరి ఇసుక కూడా ఆ సంఘం పేరు మీదే ఉండేది. వీధి అందరిదీ, వీధి చివరి ఇసుక సంఘానిది, ఇసుక దాటాక వచ్చే నీళ్లు మళ్లీ అందరివీ. ఈ పొంతన కుదరక పుట్టిన తగాదా రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1984లో తేలింది. తీరంలో ఇల్లు కట్టుకున్నవాళ్లు ఊరి బాగోగులు తామే చూసుకోవడం మంచి సంగతే. అలా చూసుకున్నందుకు వాళ్లకు దక్కేదేమిటన్న దగ్గరే చిక్కంతా ఉంది. ఊరి పని చేస్తున్నాం కాబట్టి ఒడ్డు మాది అన్నది యజమానుల లెక్క. రెండు వందల ఏళ్ల న్యూజెర్సీ తీర చరిత్రలో ఆ లెక్క తిరగబడుతూ వచ్చింది. యజమానుల సంఘం ఊరి పని ఎంతగా నెత్తిన వేసుకుంటే, ఊరికుండే బాధ్యతలు అంతగా దాని మీద పడ్డాయి. అది అన్యాయం కాదని, చివరికి యజమానులకే మేలు చేసిందని ఆ చరిత్రే సాక్ష్యం చెబుతుంది.

కథ ఈతగాళ్లతో కాక ఆలిచిప్పలతో మొదలైంది. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ ఎడిసన్ ఉన్న మిడిల్‌సెక్స్ కౌంటీలోనే, రారిటన్ నది సముద్రంలో కలిసే చోట పెర్త్ ఆంబోయ్ ఉంది. అక్కడ ఏటి ఒడ్డున పొలమున్న ఆర్నాల్డ్ అనే ఆయన తన పొలానికి ఎదురుగా నీళ్లలో ఆలిచిప్పలు పెంచి, గుంజలు పాతి హద్దు చూపించుకున్నాడు. మండీ అనే మరొకాయన మంది పడవలతో వచ్చి వాటిని ఏరుకుపోయాడు. ఆర్నాల్డ్ దావా వేశాడు. 1821లో ప్రధాన న్యాయమూర్తి కిర్క్‌పాట్రిక్ ఇచ్చిన తీర్పు ఆర్నాల్డ్‌కు వ్యతిరేకంగా వచ్చింది. పోటు వచ్చిపోయే నీళ్లూ వాటి కింది నేలా ఒకప్పుడు ఇంగ్లండు రాజు చేతిలో ఉన్నా ఆయన సొంత ఆస్తి కావు, స్వాతంత్ర్యంతో అవి ప్రజలకు సంక్రమించాయి, ప్రభుత్వం వాటిని ప్రజల తరఫున ధర్మకర్తలా కాపాడాలేగాని ఒకరికి పూర్తిగా రాసివ్వకూడదు అని ఆ తీర్పు సారాంశం. 1842లో ఇదే పరిసరాల నుంచి వెళ్లిన ఇంకో కేసులో దేశ సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే నిలబెట్టింది. ఇక్కడ ఆర్నాల్డ్ సోమరిపోతు కాదన్న సంగతి మరవకూడదు. పెట్టుబడి పెట్టాడు, కష్టపడ్డాడు, ఖాళీగా ఉన్న చోట పంట తీశాడు. బాగు చేసినవాడిదే సొత్తు అనే వాదానికి అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఆ వాదం తొలి పరీక్షలోనే ఓడింది.

పోటు గీతకు దిగువ తడి ఇసుక జనానిది, ఎగువ పొడి ఇసుక దస్తావేజు ఉన్నవాడిది అన్న విభజన అలా స్థిరపడింది. చాలాకాలం దానితో ఎవరికీ ఇబ్బంది లేకపోయింది, ఎందుకంటే ఒడ్డున ఊళ్లే తక్కువ. అంతర్యుద్ధం తర్వాత రైళ్లు వచ్చాక పరిస్థితి మారింది. 1869లో మెథడిస్టు బోధకులు ఓషన్ గ్రోవ్ నెలకొల్పారు. అక్కడ నేలంతా సంఘానిది, ఇల్లు మాత్రం కట్టుకున్నవాడిది. పోలీసు, కోర్టుతో సహా మున్సిపాలిటీ అధికారాలన్నీ ఆ మతసంఘం చేతిలోనే ఉండేవి; 1979లో రాష్ట్ర సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని తేల్చేదాకా ఆ పద్ధతి సాగింది. పక్కనే 1871లో జేమ్స్ బ్రాడ్లీ అనే వ్యాపారి ఆస్బరీ పార్క్‌ను వేశాడు. 1880లలో ఆయన నల్లజాతివాళ్లను ఒడ్డు నుంచీ బోర్డ్‌వాక్ నుంచీ దూరం పెట్టడానికి చేసిన ప్రయత్నాలు పెద్ద దుమారం లేపాయి. ఆయనకున్న ఆధారం కూడా ఒక్కటే: ఊరు నేను కట్టాను, ఒడ్డు నాది. ఈ ఊళ్లను నిర్మించినవాళ్ల దీక్షను కాదనలేం. వీధులు, మురుగు కాలువలు, దీపాలు అన్నీ వాళ్లు వేసినవే. అయితే ఊరిని శుభ్రంగా ఉంచాలన్న పట్టుదలా, ఊళ్లోకి ఎవరు రావాలో మేమే చెబుతామన్న పట్టుదలా ఒకే చేతి నుంచి వచ్చాయి. మొదటిదాన్ని పొగిడి రెండోదాన్ని దాచిపెడితే అది చరిత్ర అనిపించుకోదు.

1929లో బ్రాడ్లీ బీచ్ అనే ఊరు ఒడ్డుకు వచ్చేవాళ్లకు రుసుము పెట్టి, కట్టినవాళ్లకు రేకు బ్యాడ్జీలు ఇవ్వడం మొదలుపెట్టింది. మిగతా చాలా ఊళ్లూ అదే దారి పట్టాయి. ఈనాటికీ న్యూజెర్సీలో వేసవి అంటే ఈత దుస్తులకు గుచ్చుకునే బ్యాడ్జీయే. 1950ల్లో గార్డెన్ స్టేట్ పార్క్‌వే రాకతో లోపలి ఊళ్ల జనం కార్లలో ఒడ్డుకు రావడం సులువైంది. 1955లో శాసనసభ ఒక చట్టం చేసి, ఒడ్డు నిర్వహణ ఖర్చుల కోసం తీర మున్సిపాలిటీలు న్యాయమైన రుసుము వసూలు చేసుకోవచ్చని, 12 ఏళ్లలోపు పిల్లల దగ్గర తీసుకోకూడదని చెప్పింది. అంతవరకూ సబబే. చెత్త ఎత్తాలి, కాపలా పెట్టాలి, మునిగేవాళ్లను పైకి లాగాలి; ఇవి ఊరికే జరగవు. కానీ రుసుము అనేది ఖర్చు రాబట్టుకునే సాధనంగా ఎక్కువకాలం ఉండలేదు. 1970లో ఏవన్ బై ద సీ అనే ఊరు సీజన్ బ్యాడ్జీలను స్థానికులకూ పన్ను కట్టేవాళ్లకే పరిమితం చేసి, బయటివాళ్లకు ఖరీదైన వాటినే మిగిల్చింది. సముద్రం లేని పొరుగూరు నెప్ట్యూన్ సిటీ కోర్టుకెక్కింది. 1972లో జస్టిస్ హాల్ రాసిన తీర్పు ఆలిచిప్పల నాటి సూత్రాన్ని కొత్త కాలానికి తెచ్చింది. ప్రజలకు నీళ్ల మీద ఉన్న హక్కు పడవలకూ చేపలకే కాక ఈతకూ విశ్రాంతికీ వర్తిస్తుంది. మున్సిపాలిటీ చేతిలోని ఒడ్డు అందరికీ ఒకే షరతుల మీద తెరిచి ఉండాలి. రుసుము పెట్టవచ్చు, తేడా పెట్టకూడదు.

ఈ తీర్పులోని మాట మున్సిపాలిటీ అన్నది. ఒడ్డు మున్సిపాలిటీది కాక ఒక ప్రైవేటు సంఘానిదైతే? అక్కడే బే హెడ్ రంగంలోకి వచ్చింది. 1910లో పుట్టి 1932లో లాభాపేక్ష లేని సంస్థగా రిజిస్టరైన ఆ సంఘం పనితీరును దగ్గరగా చూడాలి. జూన్ మూడోవారం నుంచి సెప్టెంబరులో లేబర్ డే దాకా ఒడ్డు దాని అజమాయిషీలో ఉండేది. ఈత కాపరులు, ఒడ్డు పోలీసులు, ఇసుక ఊడ్చేవాళ్లు కలిపి సుమారు 40 మంది జీతగాళ్లు. సముద్రం ప్రమాదంగా ఉంటే ఎర్రజెండా, జాగ్రత్త అవసరమైతే పసుపు, బాగుంటే ఆకుపచ్చ. చాలామంది సొంతదారులు ఇంటి ముందరి పొడి ఇసుకను సంఘానికి లీజుకిచ్చారు. నెల నోటీసుతో ఎవరైనా రద్దు చేసుకోవచ్చు. సభ్యత్వం మాత్రం ఊరివాళ్లకే. సొంతిల్లున్నవాళ్లు ఒక తరగతి, అద్దెకున్నవాళ్లు ఇంకో తరగతి. దరఖాస్తు పెట్టుకున్న ఊరివాళ్లను కాదన్నదే లేదు. పొద్దున 10 నుంచి సాయంత్రం 5.30 దాకా బ్యాడ్జీ లేనివాళ్లకు పొడి ఇసుక మీద చోటు లేదు. గాలం వేసుకునేవాళ్లు దాటి వెళ్లవచ్చు. ఆ తర్వాత, మళ్లీ తెల్లవారి 10 దాకా, ఎవరైనా రావచ్చు. తడి ఇసుక మీద నిలబడ్డవాళ్లను ఎవరూ ఎప్పుడూ వెళ్లగొట్టలేదు. పక్క ఊళ్ల ఒడ్డు నుంచి నీటి అంచు వెంట నడిచి రావచ్చు కూడా. చట్టప్రకారం ప్రజల హక్కు చెక్కుచెదరలేదన్నమాట. నిలబడటానికి తడి ఇసుక ఉంది, కూర్చోవడానికీ కండువా పరచడానికీ పసిపిల్లను పడుకోబెట్టడానికీ మాత్రం చోటు లేదు.

1984 తీర్పు ఈ రెండో సంగతినే పట్టుకుంది. పొడి ఇసుక మీద కాలు మోపనీయకుండా తడి ఇసుక మీద హక్కుందనడం హక్కును కాగితానికి పరిమితం చేయడమేనని కోర్టు భావించింది. అంతకన్నా ముఖ్యమైనది రెండో మెట్టు. ఈ సంఘం ఊరంతటికీ ఒడ్డు చూస్తోంది, కాపలా పెడుతోంది, ఊళ్లో ఎవరడిగినా సభ్యత్వం ఇస్తోంది. ఇది మున్సిపాలిటీ చేసే పనికి అద్దం పట్టినట్టుంది. కాబట్టి పేరుకు ప్రైవేటైనా నడతలో అది ప్రజాసంస్థ లాంటిదే, సభ్యత్వాన్ని ఊరి గీత దాటి అందరికీ తెరవాలి. సంఘానికి ఒడ్డు మీద ఆస్తిహక్కు పోలేదు. రుసుము వసూలు చేసుకోవచ్చు, నియమాలు పెట్టవచ్చు. విడివిడిగా ఇళ్లున్నవాళ్ల ఇసుక సంగతిని కోర్టు అప్పటికి తేల్చకుండా వదిలేసింది. ఈ తర్కంలో ఒక విచిత్రముంది. సంఘం చేతకానిదై, కాపరుల్ని పెట్టక, ఎవరి ముందు ఇసుకను వాళ్లకే వదిలేసి ఉంటే బహుశా ఈ కేసు ఇంత బలంగా నిలిచేది కాదు. ఊరి పనిని శ్రద్ధగా చేయడమే దాన్ని ఓడించింది.

అలాంటప్పుడు ఇది శ్రద్ధకు శిక్ష కాదా అన్నది మొదటి ఆక్షేపణ, గట్టిదే. ఏ పనీ చేయనివాడి ఇసుక వాడికే మిగిలి, పని చేసినవాడి ఇసుక అందరిదీ అయితే రేపు ఎవరు ముందుకొస్తారు? దీనికి జవాబు ఏమిటంటే, కోర్టు తీసుకున్నది శ్రమ ఫలాన్ని కాదు, ఇతరుల్ని వెళ్లగొట్టే అధికారాన్ని. ఖర్చు రాబట్టుకునే దారి సంఘానికి అలాగే ఉంది. బ్యాడ్జీ కొనేవాళ్లు పెరిగితే ఖర్చు పంచుకునేవాళ్లూ పెరుగుతారు. మన పల్లెల్లో చందాలేసుకుని చెరువు పూడిక తీయించిన వీధివాళ్లకు గౌరవం దక్కుతుంది, మాట చెల్లుతుంది. అవతలి వీధి పశువులు ఈ నీళ్లు తాగకూడదనే హక్కు మాత్రం రాదు. పని ఎందుకు గౌరవం తెచ్చిందంటే అది అందరి వస్తువు మీద చేసిన పని కాబట్టి. ఆ వస్తువు మీద తాళం వేస్తే గౌరవానికి కారణమే పోతుంది. చరిత్ర కూడా ఆ భయాన్ని నిజం చేయలేదు. తీర్పు తర్వాత బే హెడ్ సంఘం మూతపడలేదు. బ్యాడ్జీలు అమ్ముతూ, కాపరుల్ని పెడుతూ కొనసాగింది.

రెండో ఆక్షేపణ రద్దీ గురించి. వేసవి శనివారాల్లో లోపలి ఊళ్ల నుంచి వచ్చే కార్లు వీధులు నింపేస్తాయి, పన్ను కట్టేది ఇక్కడివాళ్లు, సుఖపడేది బయటివాళ్లు అంటారు. ఎడిసన్ నుంచి పిల్లాజెల్లాతో పులిహోర డబ్బాలతో దిగే తెలుగు కుటుంబం కూడా ఆ బయటివాళ్ల లెక్కలోకే వస్తుంది. ఇబ్బంది నిజమే, కానీ ఇక్కడ యజమానులంతా ఒకవైపు, బయటివాళ్లంతా ఒకవైపు ఉన్నారనుకోవడం పొరపాటు. కేప్ మే కౌంటీలోని డైమండ్ బీచ్ ఉదంతం చూడండి. అక్కడ 1996 దాకా జనం ఉచితంగా వాడుకున్న ఒక ప్రైవేటు ఒడ్డును ఆ ఏడాది నుంచి క్లబ్బుగా మార్చారు. 2003 నాటికి సీజను సభ్యత్వం 700 డాలర్లు. దాని మీద పోరాడింది ఎక్కడినుంచో వచ్చినవాళ్లు కాదు, పక్క వీధిలో ఇళ్లున్నవాళ్ల సంఘమే. 2005లో రాష్ట్ర సుప్రీంకోర్టు బే హెడ్ తీర్పులోని కొలమానాలతోనే వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. ఒడ్డుకు మొదటి వరసలో ఇల్లున్నవాడికి మూసిన ఒడ్డు లాభంగా కనిపించవచ్చు. రెండో వరస నుంచీ అది నష్టమే, వాళ్ల ఇంటి విలువ నిలిచేదే నాలుగడుగులు వేస్తే సముద్రం వస్తుందన్న నమ్మకం మీద. తీరపు ఊళ్లో మొదటి వరస ఇళ్లు ఎప్పుడూ కొద్దివే.

ఇంతవరకూ కోర్టుల మాట. తర్వాతి సాక్ష్యం సముద్రానిది, దాని ముందు వకీళ్ల వాదన చెల్లదు. 2012 అక్టోబరు 29న శాండీ తుపాను న్యూజెర్సీని తాకింది. బే హెడ్, మాంటలోకింగ్ పక్కపక్క ఊళ్లు, ఒకే రకం ఇళ్లు. తుపాను తర్వాత పరిశోధకులు లెక్క తీస్తే మాంటలోకింగ్‌లో సగానికి పైగా ఇళ్లు దెబ్బతిన్నవి లేదా కూలినవి; బే హెడ్‌లో మాత్రం సముద్రం వరసలో ఒక్క ఇల్లే పూర్తిగా పోయింది. కారణం ఇసుక కింద దొరికింది. 1882లో పేర్చిన రాతిగోడ ఒకటి, 1,260 మీటర్ల పొడవున, తరాలుగా దిబ్బల కింద పూడిపోయి, జనం ఉనికే మరిచిపోయిన స్థితిలో ఉంది. అల ఇసుకను కోసేశాక ఆ గోడ బయటపడి అడ్డు నిలిచింది. దీన్ని బే హెడ్ యజమానులు తమకు అనుకూలంగా వాడుకున్నారు: చూడండి, మా పెద్దలు కట్టుకున్న గోడ మమ్మల్ని కాపాడింది, మాకు ప్రభుత్వపు ఇసుక దిబ్బ అక్కర్లేదు. తుపాను తర్వాత సొంత డబ్బుతో ఆ గోడను పొడిగించారు కూడా. ఆ చొరవ మెచ్చదగ్గదే. అయితే రాతిగోడ ఇళ్లను కాస్తుందిగాని ఇసుకను పుట్టించదు. గోడకు తగిలి వెనక్కి మళ్లే అల ఎదుటి ఇసుకను తోడుకుపోతుంది, తీరం వెంట కదిలే ఇసుక ఆస్తి సరిహద్దుల దగ్గర ఆగదు. ఒక్క ఊరు తనవరకు తాను చూసుకునే వీలు నేల మీద ఉంటుందేమోగాని ఒడ్డు మీద లేదు.

అందుకే ప్రభుత్వం, సైన్యపు ఇంజినీర్ల విభాగంతో కలిసి, ఊరి తర్వాత ఊరుగా ఇసుక పోసి 22 అడుగుల ఎత్తు దిబ్బలు కట్టే పని తలపెట్టింది. ఇలాంటి పనుల తొలి ఖర్చులో మామూలుగా 65 శాతం కేంద్ర ప్రభుత్వానిది, మిగిలింది రాష్ట్రానిదీ ఊళ్లదీ. ఆ డబ్బుకు షరతులున్నాయి: ఒడ్డు ప్రజలకు తెరిచి ఉండాలి, సుమారు అరమైలుకు ఒకటి చొప్పున దారులుండాలి. దిబ్బ వచ్చేది సొంతదారుల స్థలంలోనే కాబట్టి వాళ్ల దగ్గర ఈజ్‌మెంటు హక్కు తీసుకోవాలి. ఇక్కడ మూడో ఆక్షేపణ పుట్టింది: సముద్రం కనిపిస్తుందనే ఇంత ధర పెట్టాం, దిబ్బ ఆ దృశ్యాన్ని మింగేస్తే నష్టపరిహారం ఇవ్వరా? హార్వీ సీడర్స్‌లో ఒక జంటకు జ్యూరీ 375,000 డాలర్లు ఇమ్మంది. 2013 జులైలో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దృశ్యం పోయిన నష్టాన్ని లెక్కించేటప్పుడు, ఇల్లు కొట్టుకుపోకుండా దిబ్బ ఇచ్చే రక్షణనూ లెక్కించాలని చెప్పింది. చివరికి ఒక్క డాలరుకు రాజీ కుదిరింది. బే హెడ్‌లోనూ ఈజ్‌మెంటు ఇవ్వనివాళ్ల మీద ప్రభుత్వం భూసేకరణకు దిగి 2016లో కోర్టులో గెలిచింది. మరుసటి ఏడు ఆ తీరంలో పనులు మొదలయ్యాయి. తమ స్థలంలో దిబ్బ మోస్తున్నవాళ్ల మీద భారం ఎక్కువన్నది నిజమే, పరిహారం ఉండాలన్నదీ నిజమే. లాభం పక్కనపెట్టి నష్టాన్నే చూపడం మాత్రం లెక్క కాదు. ప్రజల డబ్బుతో పోసిన ఇసుక మీద నిలబడి ఇది నా ఇసుక అనడం అంతకన్నా కాదు. 2019లో శాసనసభ ఒడ్డు మీద ప్రజల హక్కును చట్టంగానే రాసేసింది.

ఈ సూత్రం మన దేశానికీ వచ్చింది. 1996లో బియాస్ నది ఒడ్డున ఒక హోటలు చేసిన ఆక్రమణ కేసులో భారత సుప్రీంకోర్టు, నదులు, తీరాలు ప్రభుత్వం ధర్మకర్తగా కాపాడాల్సిన ఆస్తులని అమెరికా తీర్పులను చూపిస్తూనే ప్రకటించింది. 2009లో గోవాలోని వైంగుయినిం ఒడ్డుకు దారి విషయంలో, హోటలుకు స్థలమిచ్చినప్పుడు పెట్టిన ప్రజల దారి షరతు అమలు కావాల్సిందేనని తీర్పిచ్చింది. 1991 నుంచి తీర నియంత్రణ మండలం నిబంధనలు పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా వర్తిస్తున్నాయి. మన తీరం న్యూజెర్సీ కాదు, ఒక ముఖ్యమైన తేడా ఉంది. అక్కడ పొడి ఇసుక విహారానికి. ఇక్కడ విశాఖ జాలరిపేటల నుంచి ఉప్పాడ దాకా అది పడవ లాగే చోటు, వల ఆరేసే చోటు, చేప ఎండేసే చోటు. బే హెడ్ సంఘమే గాలం వేసేవాళ్లకు దారి వదిలింది. మనకు ఆ దారి మర్యాద కాదు, మొదటి హక్కు. రెండో సంగతి ఇసుక గురించి. విశాఖ ఔటర్ హార్బర్ గోడలు కట్టాక ఉత్తరంగా కదిలే ఇసుక వాటికి అడ్డుపడుతోంది. డ్రెడ్జర్లతో తోడిన ఇసుకను ఆర్కే బీచ్ వైపు చేరవేయాల్సి వస్తోంది. ఉప్పాడలో జియోట్యూబ్ గోడ కట్టినా కోత ఆగలేదు. సముద్రం కనిపించే ఫ్లాటు కొన్నవాళ్లు చూసే ఒడ్డు కొంతవరకు ప్రజాధనంతో నిలిచినదే.

విశాఖ నుంచి భీమిలి దాకా రోడ్డు వెంట అపార్టుమెంట్లూ కాలనీలూ పెరిగేకొద్దీ యజమానుల సంఘాలూ పెరుగుతాయి, పెరగాలి కూడా. కోత గురించి అధికారుల్ని నిలదీయడానికి, ప్లాస్టిక్ ఏరించడానికి, మురుగు సముద్రంలో కలవకుండా చూడటానికి అక్కడే ఉండేవాళ్లను మించినవాళ్లు లేరు. ఆ సంఘాలు బే హెడ్ నుంచి నేర్చుకోవలసింది కోర్టు ఖర్చు పెట్టకుండానే నేర్చుకోవచ్చు. రుసుము పెడితే అందరికీ ఒకటే పెట్టండి, లెక్కలు బయట పెట్టండి, కంచె వేసేముందు ఆ దారిన ఎవరు నడుస్తున్నారో అడగండి, వలలవాళ్లకు సమావేశంలో కుర్చీ వేయండి. ఇవి ఉదారబుద్ధితో చేసే దానాలు కావు, ముందుచూపు. కోత ముంచుకొచ్చిన రోజున ప్రభుత్వాన్ని ఇసుక అడగాల్సింది ఆ సంఘమే. ఒడ్డు అందరిదని ఒప్పుకున్న సంఘం ఊరందరి తరఫున అడగగలదు. దారి మూసుకున్న సంఘం నాలుగు ఇళ్ల తరఫునే అడుగుతుంది, నాలుగు ఇళ్ల కోసం ఏ ఖజానా తలుపూ తెరవనక్కర్లేదు.